“‘ఎవరికైనా అభ్యంతరమా?’ అని ఇవాళ మా పెద్దసారు అడుగుతారమ్మా. నేను ఊరుకోను,” అంది కూతురు.

“సారుకి ఎదురు చెప్పి ఉద్యోగం ఊడగొట్టుకుంటావేమోనే, నాకు గుండె దడదడలాడుతోంది,” అంది తల్లి.

కూతురు చెప్పుల పట్టీ బిగించుకుంటూ నవ్వింది. “ఇంకా గడపే దాటలేదమ్మా. ఆఫీసుకి వెళ్ళనీ, అప్పుడు ఊడుతుంది.”

“నవ్వు, నవ్వు. నీకంతా నవ్వులాటే.”

భయం ఆ తల్లికి పుట్టుకతో వచ్చింది. కుక్కరు కూత ఆలస్యమైతే అది పేలుతుందనీ, కూతురు ఫోను ఎత్తకపోతే లారీ కింద పడిందనీ అనుకునే మనిషి. చదువు ఐదో క్లాసుతో ఆగింది. భర్త పోయాక కూతురి జీతమే ఇద్దరికీ నీడ. అందుకే ఆఫీసు సంగతులన్నీ గుచ్చి గుచ్చి అడిగేది. తెలిసినకొద్దీ ఇంకా భయపడేది.

కూతురిది మందుల వల అల్లే పని. ఏ మందు ఏ రకానిది, దేనికి ఏది పడదు, ఏ వయసుకు ఎంత ఇవ్వాలి అన్న సంగతులను ఒకదానికొకటి ముడివేసి కంప్యూటర్లో పెడితే, ఆస్పత్రిలో డాక్టరు మందు రాసేటప్పుడు మోతాదు దానంతటదే తెరమీదికి వస్తుంది. ఆ ముళ్ళు వెయ్యడానికి, ఎవరి సీట్లోంచి వాళ్ళు బ్రౌజర్‌లోనే తెరిచి రాసుకునే ఎడిటర్ ఒకటి ఎంచుకోవాలి. కూతురు రెండింటిని పరీక్షించింది. మొదటిది నత్తనడక, చూడ్డానికీ బోడిగా ఉంటుంది. కానీ ఒకరు వేసిన ముడిని ఇంకొకరు చూసి సరే అనేదాకా బయటికి వదలదు. రెండోదాంట్లో తెరమీద మందులన్నీ రంగుల బంతులు, ముళ్ళన్నీ సాగే దారాలు. రాసింది రాసినట్టే ఆ క్షణాన ఆస్పత్రులకు వెళ్ళిపోతుంది. పెద్దసారు మనసు రెండోదాని మీదే. పైవాళ్ళకు చూపించి శభాష్ అనిపించుకొచ్చాడు కూడా.

“అది వద్దని ఇవాళ మీటింగులో చెప్పేస్తాను. మా తొందర బాబాయ్ చేతికి అలాంటిది ఇస్తే కోతికి కొబ్బరికాయ ఇచ్చినట్టే.” పక్క సీటాయనకు ఆఫీసంతా పెట్టుకున్న పేరది.

“నీకెందుకే తల్లీ? అంత పెద్దాయనకి తెలీదా? కొండని ఢీకొంటే పగిలేది పొట్టేలు తలే. నలుగురితో నారాయణ అని ఊరుకో. నా మీద ఒట్టే, నోరెత్తనని చెప్పు.”

కూతురు సంచి భుజాన వేసుకుంది. “సరేలే,” అని వెళ్ళిపోయింది.

సాయంత్రం ఆమె సంచి కింద పెట్టకముందే తల్లి ఎదురొచ్చింది. “ఏమైందే?”

“సారు ‘ఎవరికైనా అభ్యంతరమా?’ అన్నారు. అని నావైపే చూశారు.”

“నువ్వేమన్నావ్?”

“టీకప్పులోకి చూశాను.”

ఆ పూట తల్లికి అన్నం సహించింది.

ఎండలు ముదరక ముందే కొంప మునిగింది. పసిపిల్లల జ్వరానికి వేసే చిక్కటి చుక్కల మందు ఒకటుంది, కాస్త పెద్దపిల్లలకు పోసే పల్చటి సిరపు ఒకటుంది. రెండింట్లో ఉన్న సరుకు ఒకటే. ఆ మాట రాయాల్సింది పోయి, తొందర బాబాయ్ ‘ఈ రెండూ ఒకటే’ అని ముడివేసి భోజనానికి లేచాడు. మనిషైతే ‘అదేమిటయ్యా’ అని అడుగుతాడు. యంత్రానికి ఒకటే అంటే ఒకటే. సిరపు కొలత తీసుకెళ్ళి చుక్కల మందుకు తగిలించింది. ఆపి చూసే రెండో కన్ను ఆ ఎడిటర్లో లేదు. ఏదో ఆస్పత్రిలో ఒక పసిదానికి, జ్వరం తిరగబెట్టినప్పుడల్లా నాలుగింతల మందు పడింది.

విచారణలో పెద్దసారు తొణకలేదు. “పరీక్షించింది ఈవిడే. అభ్యంతరమా అని అడిగితే పలకలేదు. అందరూ సాక్షులే,” అన్నాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. సంగతి తేలేదాకా కూతురిని ఇంట్లో ఉండమన్నారు.

కూతురు వచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

“జీతం ఆపేస్తారా?” తల్లి కంచం ముందు పెట్టి అడిగింది. “ఆ తొందరాయన్ని ఒక్క మాటా అనలేదా? పేపర్లో నీ పేరు వేస్తారేమోనే! ఇంకెక్కడా ఉద్యోగం ఇవ్వరేమో. జైలూ గీలూ అంటారా, ఏంటి?”

కూతురు కిటికీ ఊచ మీద పెచ్చులూడిన రంగును గోటితో గీకుతోంది.

“ఊరుకోమన్నాను, నిజమే. నీ మంచికే కదే అన్నాను! ఏ తల్లైనా కూతురు చెడిపోవాలని కోరుకుంటుందా? పోనీ, తిట్టు. తిట్టి ఆ రెండు ముద్దలూ తిను.”

కంచంలో పెరుగన్నం అంచులు ఎండాయి. కింద వీధిలో ఎవరిదో స్కూటరు స్టార్టవక గింజుకుని గింజుకుని ఆగిపోయింది. తల్లి చివరికి విసిగిపోయి, కళ్ళు తుడుచుకుంటూ కంచం తియ్యడానికి వంగింది.

“ఆ పసిది ఎలా ఉందని ఒక్కసారైనా అడిగావా అమ్మా?” అంది కూతురు.