రవిచంద్ర కారు బుష్‌లు

కారు ముందువైపు ధబ్ ధబ్‌మని చప్పుడొస్తోందని మొదట కనిపెట్టింది రవిచంద్ర కాదు, అతని భార్య సాయిసుధ. ఆ పొద్దున ఫిల్మ్‌నగర్ వాలు దిగుతూ స్పీడ్‌బ్రేకర్ దాటగానే, "ఏవండీ, కింద ఏదో కొట్టుకుంటోంది" అంది. రవిచంద్ర రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నాకు వారం నుంచీ వినిపిస్తూనే ఉందిలే. బుష్‌లు అరిగి ఉంటాయి" అన్నాడు.

అది పచ్చి అబద్ధం. అతనికి ఏమీ వినిపించలేదు.

ఇంకొకరికైతే ఇదొక విషయమే కాదు. జూబ్లీహిల్స్‌లో సగంమంది అద్దాలెక్కించుకుని, పాటలు పెట్టుకుని తిరుగుతారు. బండి కింద ఏది ఊడిపోయినా వాళ్లకు పట్టదు. రవిచంద్ర సంగతి వేరు. అతను సినిమాలకు చప్పుళ్లు చేసే మనిషి. షూటింగులో పట్టిన శబ్దం చాలావరకు పనికిరాదు. అడుగుల చప్పుడు, చెంపదెబ్బ, తలుపు మూసిన మోత, అన్నీ తెరమీద బొమ్మ చూస్తూ మళ్లీ పుట్టించాలి. తెనాలి నుంచి వచ్చి ఏళ్ల తరబడి ఆ పనే చేసుకుని బతుకుతున్నాడు. ఫిల్మ్‌నగర్‌లో ఏ రికార్డింగ్ థియేటర్‌కి వెళ్లినా, చెవంటే రవిచంద్రదే అంటారు.

ఆ చెవే ఈమధ్య మొరాయిస్తోంది. మొదట ఎడమచెవిలో నీళ్లు నిండినట్టు బరువు, తర్వాత సన్నటి హోరు. గాజుల గలగల, తాళాల మోత, పిట్టల అరుపు బాగానే వినిపిస్తున్నాయి. మూట కిందపడినట్టు, నేలమీద మడమ ఆనినట్టు ఉండే బరువైన చప్పుళ్లే జారిపోతున్నాయి. ఇప్పుడు కుడిచెవి కూడా అదే దారి పట్టింది. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు. వెళితే ఆ మాట ఖాయమైపోతుందని భయం. రికార్డిస్టు అరవింద్ మొన్న, "సార్, విలన్ అడుగులో బరువు తగ్గింది, ఇంకోసారి చేద్దామా" అంటే, ఏమాత్రం సిగ్గుపడకుండా తప్పు మైకు మీదికి నెట్టేశాడు.

అంతలో ఇంకో గండం వచ్చిపడింది. డైరెక్టర్ రఘునందన్ కొత్త సినిమాకు, వేగంగా పోయే కారు లోపలి చప్పుళ్లు కావాలి. రవిచంద్ర దగ్గర సరిగ్గా అలాంటి బండే ఉంది. సెకండ్‌హ్యాండ్‌లో మోజుపడి కొన్నది. చూడ్డానికి పెద్దమనిషి సెడానే గాని, తొక్కితే రేసుబండిలా ఉరుకుతుంది. రేపు పొద్దున రికార్డింగ్. రఘునందన్ పక్కసీట్లో కూర్చుంటాడు. మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే, "ఈ ధబ్ ధబ్ ఏంటండీ, మీకు వినపడలేదా" అంటాడు. ఆ మాట ఫిల్మ్‌నగర్ అంతా పాకడానికి ఎంతసేపు? చెవులు పోయినవాడికి చప్పుళ్ల పని ఎవరిస్తారు?

అందుకే టిఫిన్ కూడా సగంలో వదిలేసి యూసుఫ్‌గూడలో భిక్షం షెడ్డు దగ్గరికి పరిగెత్తాడు. భిక్షం మంచి పనివాడే, కాకపోతే ఆ ముక్క అందరికంటే ముందు తనే చెప్పుకుంటాడు. హీరోల కార్లన్నీ తన చేతిమీదుగానే నడుస్తున్నాయని అతని నమ్మకం.

"ఏందన్నా, మన గుర్రానికి ఏమైంది?" అన్నాడు భిక్షం.

"ముందు కొట్టుకుంటోంది. స్టెబిలైజర్ బుష్‌లే అనుకుంటా. రేపు పొద్దున ఈ బండిలోనే డైరెక్టర్‌తో రికార్డింగ్."

"నువ్వు బుష్‌లంటే బుష్‌లే. నీ చెవి చెప్పినంక మళ్ల చెక్ చేసుడెందుకు?"

రవిచంద్ర ఆ మెప్పుకి నవ్వలేక నవ్వాడు.

బండి ముందు చక్రాలు రెంటినీ కలుపుతూ అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉంటుంది. మలుపుల్లో బండి ఒక పక్కకు ఒరిగిపోకుండా కాసేది అదే. ఆ కడ్డీని కదలకుండా పట్టి ఉంచే రబ్బరు ముక్కలే బుష్‌లు. భిక్షం జాకీలెత్తి, కిందికి దూరి, కడ్డీని పట్టుకుని ఊపాడు. అది ఊగింది. "ఇగ చూడు, గోరు దూరేటంత సందున్నది" అని పిలిచాడు. రవిచంద్ర వంగి తన కళ్లతో చూసుకున్నాడు. పరీక్ష పాసైనంత సంబరపడ్డాడు. ఊహించి అన్న మాట నిజమైంది కదా.

ఆ సంబరం ఎంతోసేపు నిలవలేదు. బుష్‌లు మారుస్తారు, సరే. చప్పుడు పోయిందో లేదో తనకు తెలిసేదెలా?

భిక్షం అరిగిన రబ్బర్లు పీకేసి, కడ్డీకి పట్టిన తుప్పు గీకి, కొత్తవి ఎక్కించి, బండిని చక్రాలమీదికి దించి బోల్టులు బిగించాడు. అతను పని చేస్తున్నంతసేపూ రవిచంద్ర కాలుగాలిన పిల్లిలా షెడ్డు ముందు తిరిగాడు. టీ తెప్పించుకుని చల్లార్చుకున్నాడు. సాయిసుధని తీసుకొచ్చి కూర్చోబెడదామా అనుకున్నాడు. ఆమె, "అదేంటి, మీరే చూసుకోవచ్చుగా" అంటుందని ఆగాడు. రఘునందన్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పని అయ్యాక, "నువ్వే ఒక రౌండు కొట్టి చూడు భిక్షం" అన్నాడు, మాటవరసకి అన్నట్టు.

"నేనెందుకన్నా? నీ అసొంటి చెవిని పక్కన పెట్టుకొని నా చెవితోని చూస్తే నలుగురు నవ్వుతరు. నువ్వు నడుపు, నేను పక్కకు కూసుంట."

తప్పలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు మళ్లించాడు. మలుపుల్లో బండి ఒరగడం మానేసింది. స్టీరింగ్ చేతికి గట్టిగా, చెప్పినమాట వింటున్నట్టు ఉంది. అంతవరకు చేతులకు తెలిసింది. మొదటి స్పీడ్‌బ్రేకర్ వచ్చింది. ఊపిరి బిగబట్టి దాటించాడు. వెనక ఎవరిదో హారన్ వినిపించింది, చెవిలో హోరు వినిపించింది, అంతే. భిక్షం మొహం చూసి తెలుసుకుందామని పక్కకి తిరిగాడు. భిక్షం అప్పటికే అతని మొహంలోకే చూస్తున్నాడు. ఇంకో స్పీడ్‌బ్రేకర్ దగ్గరా అదే తంతు.

"ఏమంటవ్ అన్నా?"

"పోయింది" అన్నాడు రవిచంద్ర. "మొత్తానికి వదిలించావు భిక్షం."

ఒక్క మాట మెచ్చుకుంటే పది మాటలు కలుపుకునే మనిషి భిక్షం, ఈసారి ఉలకలేదు. చేతిగుడ్డతో వేళ్లు తుడుచుకుంటూ కూర్చున్నాడు. తుడిచిన వేలే మళ్లీ తుడుస్తున్నాడు.

"మంచిగ విన్నవా?"

"విన్నాను."

"అట్లయితే నా చెవులే ఖరాబైనయి" అన్నాడు భిక్షం మెల్లగా. "నాకింక కొడ్తున్నట్టే ఇనబడ్తుందన్నా. ముందల బ్రేకర్ కాడ ఇనబడ్డది, గీడ గూడ ఇనబడ్డది. మా నాయినకు గిట్లనే షురువైంది. లేని చప్పుళ్లు ఇని, మంచిగున్న ఇంజన్లు ఇప్పేటోడు. ఆఖరికి ఎవ్వలు బండియ్యకుండ అయిన్రు. నాకు గూడ అట్లయితదని ఎప్పటిసంది ఫికరే. ఇయ్యాల ఎరుకైంది."

రవిచంద్రకు ముందు తట్టింది రేపటి సంగతే. చప్పుడు పోలేదు, రఘునందన్ వింటాడు. ఆ తర్వాతే పక్కనున్న మనిషి కనిపించాడు. ఆ భయం ఎలా ఉంటుందో, అన్నం దగ్గర ఎలా పట్టుకుంటుందో, మాట్లాడుతున్నవాడి పెదాలవైపు ఎలా చూసేలా చేస్తుందో రవిచంద్రకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. దాన్ని తీసుకెళ్లి దిట్టమైన మనిషి నెత్తిన పెట్టాడు. తనమీద తనకే అసహ్యం వేసింది. బండి రోడ్డు పక్కకి తీసి ఆపాడు.

"నీ చెవులు బాగానే ఉన్నాయి భిక్షం."

"నన్ను ఖుష్ చెయ్యనీకి అంటున్నవ్."

"కాదు. నీకు వినిపించిందంటే ఉన్నట్టే. నాకే వినపడటంలేదు. పొద్దున కూడా మీ వదిన చెబితేనే తెలిసింది."

భిక్షం మొహం వెలిగిపోయింది. "అంటే నిజంగనే కొడ్తుందా? నాకు మంచిగనే ఇనబడ్తుందా?" అని గుండెమీద చెయ్యేసుకుని నవ్వేశాడు. నవ్వు సగంలో ఉండగా, ఎదుటిమనిషి చెప్పిందేమిటో అర్థమై గప్‌చుప్ అయిపోయాడు. తలొంచుకున్నాడు. రవిచంద్రకు కోపం రాలేదు. అతని స్థానంలో తానున్నా అలాగే నవ్వేవాడు.

"మాఫ్ చెయ్యన్నా" అన్నాడు భిక్షం. "వదినకు ఎరికేనా?"

"ఎవరికీ తెలియదు."

భిక్షం దిగి, రోడ్డుమీదే పడుకుని కారు కిందికి తల పెట్టాడు. లేచి వచ్చేసరికి చొక్కానిండా దుమ్ము. "తప్పు నాదే. బుష్‌లు ఎక్కించనీకి, కడ్డీని చక్రంతోని కలిపే లింక్ రాడ్ బోల్టు ఇప్పిన, మళ్ల సరిగ బిగియ్యలే. గదే కొడ్తుంది. బండిల పానా ఉన్నది గద, రెండు నిమిషాల పని." కాస్త ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "చప్పుడు పోయినంక నేనే ఇని చెప్త. రేపు నీ డైరెక్టర్‌కు ఏం ఎరుకైతది? నేనైతే నోరిప్ప."

రేపు గడిచిపోతుంది, నిజమే. ఎల్లుండి థియేటర్లో ఇంకో విలన్ నడుస్తాడు. అరవింద్ ఇంకోసారి చేద్దామంటాడు. అప్పుడు మైకు తప్పు, తర్వాత చెప్పుల తప్పు, ఆ తర్వాత అరవింద్ తప్పు. ఒక్క పూటలో భిక్షంలాంటి మొండిమనిషినే తన చెవుల్ని తానే నమ్మకుండా చేశాడు. ఆ కుర్ర రికార్డిస్టు ఏపాటి?

భిక్షం పానాతో కారు కిందికి దూరగానే, రవిచంద్ర దిగి నాలుగడుగులు అవతలికి వెళ్లి, ధైర్యం చల్లారకముందే రఘునందన్‌కి ఫోన్ చేశాడు. పలకరింపులేమీ పెట్టుకోలేదు.

"రేపు రికార్డింగ్‌కి అరవింద్‌ని కూడా పిలవండి. ఏది బాగుందో అతన్నే వినమనండి. బరువైన చప్పుళ్లు నాకు వినపడటంలేదు."

అవతలినుంచి ఏమీ రాలేదు. రఘునందన్‌ది మామూలుగానే లోగొంతు. మాట్లాడకుండా ఉన్నాడో, మాట్లాడుతుంటే తనకు అందడంలేదో తెలియలేదు. రవిచంద్ర ఫోన్‌ని కుడిచెవికి మార్చి, గట్టిగా అదిమిపట్టుకున్నాడు.

"ఎప్పటినుంచండీ?" అంటున్నాడు రఘునందన్. ఆ మాట ఎన్నోసారి అడుగుతున్నాడో రవిచంద్రకు తెలియలేదు.