ఒరిజినల్‌లో ఉన్న పేజీ

మనసు బరువెక్కినప్పుడు తప్పక చదవాల్సిన నాలుగు పుస్తకాలంటూ సందీప్ చేసిన వీడియోను వేల మంది చూశారు, వందల మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు. చూసి, నాలుగూ కొని, ఒక్క పేజీ విడవకుండా చదివినవాడు మాత్రం ఒక్కడే. ఖర్మకాలి అతడు సందీప్‌కు మేనత్త మొగుడు, వీరేశం.

సందీప్ గ్రూప్స్ కోచింగ్ కోసం చైతన్యపురి వచ్చాడు. పరీక్షలు వాయిదాల మీద వాయిదాలు పడుతుంటే పుస్తకాల మీద వీడియోలు మొదలుపెట్టాడు. వెనక అట్ట చదివితే రెండు నిమిషాలు మాట్లాడొచ్చని, లోపలికి పోతే తికమక పెరుగుతుందని అనుభవం మీద తెలుసుకున్నాడు. ఊరి భాష పక్కనబెట్టి, “చదవండి ఫ్రెండ్స్, ఇది పూర్తయ్యేసరికి మీ గుండెలో బరువు దిగిపోతుంది” అని మెత్తగా చెప్పేవాడు.

వీరేశం బరువు దిగలేదు. అందుకే పుస్తకాలు సంచిలో వేసుకొని మేనల్లుడి హాస్టల్ గదికి వచ్చాడు.

వీరేశంది తుర్కయంజాల్ పక్క ఊరు. పొలాలు ప్లాట్లయ్యాక మీర్‌పేట్‌లో ఇల్లు కట్టుకొని ప్లాట్ల వ్యాపారంలోనే పడ్డాడు. ఏ కాగితాన్నయినా దస్తావేజులాగానే చదువుతాడు. ముందు చివరి పేజీలో హద్దులు, తర్వాత రాసిచ్చినవాడికి ఆ హక్కు ఉందా లేదా, ఆ తర్వాతే అసలు సంగతి. ఇంగ్లీషు అంతంత మాత్రమే గనుక నాలుగింటికీ తెలుగు అనువాదాలు తెప్పించుకొని అలాగే చదివాడు.

“గీయన పెండ్లాం సచ్చిపోయిందా అసల్?” ఒక పుస్తకం మంచం మీద పెట్టి అడిగాడు.

“ఎవలు మామా?”

“దుఃఖం గురించి రాసినాయన. నువ్వు చదివినవ్ గద.”

“ఆ... పోయినట్టే ఉన్నది.”

“కుక్క పోయింది. కుక్క కోసం అంత పొడుగు రాసిండు. తప్పు పడుతలేను, మంచి కుక్కనే. గని ఆయన టైముకు తింటున్నడు, ఎవలో వండి పెడుతున్నరు. గాయన నాకేం చెప్తడు?” ఇంకొకటి తీశాడు. “గిదేమో బొమ్మలెయ్యి, లోపలున్నదంత బయటికొస్తది అంటది. ఏసిన. మీ అత్త ముక్కు ఎట్లుంటదో యాదికి రాలే. ఇంకింత పరేషాన్. మూడోది, బతుకుకు అర్థం నువ్వే ఎతుక్కో అంటది. నాకే దొరికితే గీ పుస్తకం ఎందుకు కొంట?”

భార్య యాదలక్ష్మి వానాకాలంలో పోయింది. అప్పటి నుంచి వీరేశానికి ఇంట్లో కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగడం లేదు. ఎల్బీనగర్ చౌరస్తాలో హోటల్ ముందు నిలబడి తింటే దిగుతోంది.

“సొంతిల్లు ఇడిసి హోటల్ పక్కకు కిరాయికి పోదునా?” అన్నాడు. “నువ్వే చెప్పినవ్ అల్లుడా. ఖాళీ ఇంట్ల ఎట్ల బతకాల్నో నాలుగో పుస్తకంల ఒక్క పేజీల ఉన్నది, అది చదివితే చాలన్నవ్. ఏ పేజీ?”

ఆ మాట కెమెరా ముందు ఊపులో వచ్చింది. ఊపులో వచ్చినవాటికి పేజీలుండవు.

“తెలుగుల ఎత్తేసిండ్రు మామా. ఒరిజినల్ల ఉంటది.”

భూముల మనిషి దగ్గర ఒరిజినల్ అన్న మాట ఎత్తకూడదని సందీప్‌కు తెలియలేదు.

“నేనప్పుడే అనుకున్న, నడుమ ఏదో తెగిందని. తియ్యి ఒరిజినల్.”

ఒరిజినల్ అలమరలోనే ఉంది. వీడియోలో చేత పట్టుకోవడానికి కొన్నది.

“ప్లాస్టిక్ కవరు గూడ ఇప్పలే గద?”

“దుమ్ము పడుతదని మల్ల ఏసిన మామా.”

కవరు చించి, నడిమికి తెరిచి, సందీప్ గొంతు సవరించుకున్నాడు. ఇంటర్ రెండేళ్లూ మీర్‌పేట్‌లో మేనత్త చేతి అన్నమే తిన్నాడు. ఖాళీ ఇల్లు, అన్నం అనేసరికి ఆమె తప్ప ఇంకేమీ తట్టలేదు.

“ఆమె తిడుతూ వడ్డించేది,” అని పుస్తకం చూస్తూ, చదివి తెలుగు చేస్తున్నట్టు మొదలుపెట్టాడు. “తిట్టకుండా పెట్టిందంటే ఆమెకు జ్వరం వచ్చిందని అందరికీ అర్థమయ్యేది. అన్నం మాడు ఎవరికీ పెట్టేది కాదు. గిన్నె అడుగు గీకి తనే తినేది. అడిగితే, మాడు తింటే పాట మంచిగొస్తుందనేది. పాట మాత్రం ఎప్పుడూ పాడలేదు.”

వీరేశం తలెత్తాడు.

“ఇంగ్లీషోళ్లు గూడ మాడు గీకుతరా?”

“గీకుతరు మామా.”

“పాట మంచిగొస్తదంటరా?”

“అక్కడక్కడ అంటరు.”

వీరేశం కళ్లద్దాలు తీసి అంగీ కొసతో చాలాసేపు తుడిచాడు. “గిది గిక్కడ చదివేది కాదు,” అన్నాడు. “కంచం ముంగట చదవాలె. రేపు మధ్యాహ్నం ఇంటికి రా. ఒరిజినల్ తెచ్చుకో.”

మర్నాడు మీర్‌పేట్‌లో వీరేశం అన్నం తనే వండాడు. ముద్దయింది. పప్పు కర్రీ పాయింట్ నుంచి తెచ్చాడు. సందీప్ పుస్తకాన్ని నీళ్ల జగ్గుకు ఆనించి తెరిచాడు. వీరేశం ముద్ద కలిపి చేతిలో పట్టుకొని, “ఇగ కానియ్యి,” అన్నాడు.

పొద్దుటి నుంచి సందీప్ అత్త కోసం తన బుర్రంతా వెతికాడు. పెద్దగా సరుకు దొరకలేదు. ఆ రెండేళ్లూ కంచం పక్కన ఫోన్ పెట్టుకొని తిన్నవాడు మరి. ఇక సొంతంగా కల్పించాడు.

“ఆదివారం ఆమె కోడికూర వండేది. అందరికీ మంచి ముక్కలు వేసి, మెడ తను తీసుకునేది.”

“కాదు,” అన్నాడు వీరేశం.

“ఏంది కాదు మామా?”

“మెడ నాకేసేది. పెండ్లయిన కొత్తల మెడ ఏస్తే బాగుందన్న, ఏమనుకుంటదో అని. ఇగ అంతే, కోడి తెచ్చినప్పుడల్లా మెడ నాకే. నాకు మెడంటే పడదని ఎన్నడు చెప్పలే. ఆమెకేమో మెడ అంటే పానం. గా ముచ్చట ఆమె పోయినంక ఆమె చెల్లె చెప్పింది.” పుస్తకం వైపు చూశాడు. “గిది రాసిండా ఆయన?”

సందీప్ ఇంగ్లీషు అక్షరాల వైపు చూశాడు. “రాసిండు. కిందికున్నది.”

“ఏమని?”

“నువ్వు చెప్పు మామా. నేను చూసుకుంట పోత, సరిపోతదో లేదో.”

రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఒకరు చదువుతుంటే ఒకరు సరిచూసే పద్ధతి వీరేశానికి అలవాటే. చెప్పడం మొదలుపెట్టాడు. పెళ్లయిన కొత్తలో ఆమె పులుసులో ఉప్పు మరిచింది, అదీ బాగుందన్నాడు. బోనాల పండుగనాడు అలిగి మాట్లాడకుండా వడ్డించింది, అప్పుడు మాత్రం నిజంగానే బాగుంది. చెబుతూ చెబుతూ చేతిలో ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నములుతూనే ఇంకోటి కలిపాడు.

సందీప్ ఒకే వాక్యం మీద వేలు పెట్టుకొని కూర్చున్నాడు. కంచం సగమయ్యాక, ఇక పని అయిందనుకొని పుస్తకం మూయబోయాడు.

“వేలు తియ్యకు,” అన్నాడు వీరేశం. “పప్పు ఇటియ్యి.”