వేసవికి తీస్తామన్న గొట్టం

కొరీన్ కూతురు మార్గోకి ఐదేళ్లు. నెలలు నిండకుండా పుట్టిన పిల్ల. ఊపిరి అందక మెడకు రంధ్రం చేసి గొట్టం పెట్టారు. దానికి వేలు అడ్డం పెట్టుకుని బొంగురుగా మాట్లాడేది. వేసవిలో గొట్టం తీసేస్తామని డాక్టర్లు అన్నప్పటి నుంచి ఇంట్లో అదే మాట.

ఫిబ్రవరిలో పిల్లకు జలుబు చేసింది. కొరీన్ బంగాళదుంపల ఫ్యాక్టరీకి వెళ్తే పిల్లను చూసుకునేది ఆమె తల్లి లూసిల్.

"కఫం పచ్చగా, జిగటగా వస్తోందే. ఆసుపత్రికి ఫోన్ చెయ్యి," అంది లూసిల్.

"జ్వరం లేదుగా అమ్మా. గొట్టంలో క్రిములు ఎప్పుడూ ఉంటాయి, రంగు మారినప్పుడల్లా మందు వేస్తే చివరికి ఏ మందూ పనిచెయ్యదు అన్నారు కిందటిసారి. పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు నన్ను."

"చూస్తే చూడనీ. నీ ముఖం అరిగిపోతుందా?"

రేపు చూద్దాంలే అనుకుంది కొరీన్.

మర్నాడు పొద్దున తింటూ తింటూ మార్గో చేతిలోని రొట్టె వదిలేసింది. పెదాలు నీలమయ్యాయి. కఫాన్ని బయటికి లాగే సన్న గొట్టం మెడ గొట్టంలోకి దిగలేదు. లూసిల్ పిల్ల భుజాలు పట్టుకుంటే, కొరీన్ గొట్టాన్ని పట్టి ఉంచే మెడపట్టీ కోసి పాత గొట్టం లాగేసి కొత్తది పెట్టింది. పాతదాని నిండా గట్టిపడిన కఫం, నెత్తుటి చారలు. పిల్లకు ఊపిరి ఆడింది గానీ డొక్కలు ఎగురుతూనే ఉన్నాయి. పిల్లను ఎక్కించుకున్న అంబులెన్సు మంచులో నిదానంగా వెళ్లింది.

ఆసుపత్రిలో ఊపిరి ఆడించే యంత్రం పెట్టారు. మొదటి మందుకు జబ్బు లొంగలేదు, రెండోదానికి లొంగింది. కెమెరాతో లోపల చూసిన డాక్టరు ఇమానీ, కొరీన్ పక్కకి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"శ్వాసనాళం వాచి పుండు పడింది. మానేటప్పుడు మచ్చ కట్టి దారి ఇంకా ఇరుకు కావచ్చు. గొట్టం ఇప్పట్లో తియ్యలేం."

"కిందటిసారి మీరన్న మాటలకి ఫోన్ చెయ్యలేకపోయాను. ఒకరోజు ముందు తెచ్చుంటే?"

"కొంత నయంగా ఉండేదేమో, కచ్చితంగా చెప్పలేను. ఫోన్ చెయ్యడానికి మీరు జంకేలా మాట్లాడింది మాత్రం మేమే."

ఆ మాటతో కొరీన్ గుండె ఏమీ తేలికపడలేదు. లూసిల్ "నే చెప్పలేదా" అనలేదు. అని ఉంటేనే బాగుండేదనిపించింది కొరీన్‌కి.

యంత్రం తీసేశాక మార్గో గొట్టానికి వేలు పెట్టుకుంది. మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించింది. పెదాల కదలికను బట్టి కొరీన్‌కి అర్థమైంది.

"ఈ వేసవికి కాదు తల్లీ."

ఎప్పుడని పెదాలతోనే అడిగింది మార్గో.

"తెలీదమ్మా."

పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. కాసేపటికి గొట్టంలో కఫం గరగరలాడింది. కొరీన్ లేచి, కఫం తియ్యడానికి చేతులు కడుక్కుంది.