నలభై ఒకటో సీటు సముద్రం

గురువారం ఉదయం ఆరు నుంచి పది దాకా సముద్రం మూసేస్తారు. తక్కిన రోజుల్లో తొమ్మిదయ్యేసరికి ప్యో పిల్సున్ సంగ్నాం పాత బస్తీలో, కోడి వేయించే దుకాణం మీద మూడో అంతస్తులో ఉన్న పీసీ బాంగ్‌కి వచ్చేస్తుంది. గంటల లెక్కన కంప్యూటర్లు అద్దెకిచ్చే గది అది. ఆమెది నలభై ఒకటో సీటు. స్నానాల గది పక్కనే ఉంటుంది కాబట్టి నీళ్ళు పోయినా ఇబ్బంది లేదని ఓనరు హ్యోన్ ఆమెకి అదే కేటాయించాడు. కింద ఒక నీలం టబ్బు కూడా పెట్టాడు.

ఆవిడ కూర్చుని ‘నీలిరేవు’ ఆట తెరుస్తుంది. తెర మీద రేవుగట్టు చివర నిలబడి గాలం వేస్తుంది. చేప పడగానే తెర అంచు కింద నుంచి జారి, గిలగిలా కొట్టుకుంటూ ఆవిడ అరచేతిలోకి వస్తుంది. ఆ ఆటలో చేతికొచ్చింది చేతికే వస్తుంది. ముప్పై మూడో సీటాయన ఆటలోని కొండల మీద ఆకుకూర కోసుకుని ఇంటికి పట్టుకెళ్తాడు. హ్యోన్‌కి ఉన్న అభ్యంతరమల్లా చేపల వాసన గురించే.

నాలుగూ తొమ్మిదీ వచ్చే తేదీల్లో మోరాన్ సంత. అక్కడ పిల్సున్ కానాగంతలకి మంచి పేరుంది. డెబ్బై ఒకటో ఏట కూడా ఒకరి ముందు చెయ్యి చాచకుండా ఆ చేపల మీదే బతుకుతోంది. తూర్పు తీరంలో పుట్టిన మనిషి. మొగుడు పోయాక పడవ అమ్ముకుని ఈ ఊరొచ్చి, పన్నెండేళ్ళు సముద్రం మొహం చూడకుండా ఎండిపోయింది. ఆట చూపించింది కూతురు తక్ నారే. ఆ ఆట తయారుచేసే కంపెనీలోనే, పాంగ్యోలో, నారే టీమ్ లీడరు. ఆటలోని పాత్రకి ఏదో ఒక పేరు పెట్టుకోమంటే పిల్సున్ పెట్టుకుంది. ఏం పెట్టుకుందో నారే తొంగి చూడలేదు.

నారేకి తెలియనిది ఇంకొకటి ఉంది. పిల్సున్‌కి చదవడం రాదు. బడి నుంచి కాగితం వచ్చిందంటే చాలు, కుడిచేతికి కట్టు కట్టుకుని కూర్చునేది. “వేడినీళ్ళు పడ్డాయే, నువ్వే రాసెయ్” అనేది. బ్యాంకుకెళ్తే కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయేది. బస్సుల్ని అంకెలతో, ఆటని బొమ్మలతో నెట్టుకొచ్చింది. ముప్పై ఆరేళ్ళు కూతురి కళ్ళెదుటే దాక్కుంది, మహా గడుసు మనిషి. అమ్మ చేతిని తలుచుకుని నారే చిన్నప్పుడు చాలాసార్లు ఏడ్చింది కూడా.

ఆ వసంతంలో నీలిరేవు నిండా మాక్రోలు చేరాయి. మనిషి లేకుండా తమంతట తామే చేపలు పట్టే దొంగ ప్రోగ్రాములవి. గట్టు మీద కాలు పెట్టే చోటు లేదని ఆటగాళ్ళు మండిపడ్డారు. చందాలేసుకుని ఒక లారీని కంపెనీ ముందుకి పంపారు. లారీకున్న పెద్ద తెర మీద రోజంతా ఒకటే వాక్యం వెలుగుతూ తిరిగింది: “రేవులో మనిషెక్కడ?”

తొమ్మిదో అంతస్తు నుంచి దాన్ని చూస్తూ డైరెక్టర్ యొమ్ అన్నాడు, “పట్టుకున్నవాటిని పట్టుకున్నట్టు తీసేద్దాం.”

“తీసేస్తే ఆటగాళ్ళకి ఏం దక్కుతుందండీ?” అంది నారే. “శిక్ష కంటికి కనపడాలి. గాలం వేసేవాళ్ళ ముందు ఇరవై నిమిషాలకోసారి ఒక పెట్టె వస్తుంది. అందులో ఉన్న మాట పది సెకన్లలో కొట్టాలి. మూడుసార్లు తప్పితే ఆ పాత్ర రేవు మధ్యలో రాయైపోతుంది. వచ్చేపోయేవాళ్ళు తన్నొచ్చు. తన్నుకి ఒక అనుభవం పాయింటు.”

“తన్నితే పాయింటా?” యొమ్ నవ్వాడు. “నీ బుర్రకి దండం పెట్టాలి.”

“మొహం మాత్రం రాయి చెయ్యను. మొహం కనపడితేనే తన్నడానికి సరదా. ఒక చెయ్యి కూడా వదులుతాను. గురువారం మరమ్మతులయ్యాక రేవు తెరిచినప్పుడు చివరి అవకాశం, ఒక్క మాట. అదీ తప్పితే పూర్తిగా రాయి. మళ్ళీ మనం కూడా విప్పలేం. అలా అని ప్రకటిస్తేనే నమ్ముతారు.”

టీములో అందరికన్నా కొత్తవాడు జుహ్వాన్ గొంతు సవరించుకున్నాడు. “లీడర్‌గారూ, ముసలివాళ్ళుంటారు కదా. ముప్పై సెకన్లు ఇద్దామా?”

“మా అమ్మకి డెబ్బై ఒకటి. ఆవిడే కొట్టేస్తుంది. చదవగలిగితే మనిషి, లేకపోతే మాక్రో. అంతే.”

“మాక్రోలు ఏ పెట్టె కనపడినా తమ పాత్ర సొంత పేరు కొట్టేస్తున్నాయండీ.”

“అయితే ఇంకా సులువు. సొంత పేరు కొడితే, ఏ మాట అడిగినా సరే, తప్పు. రాసుకో.”

“తప్పితే వచ్చే వాక్యం ‘మీరు మనిషి కాదని తేలింది’ అని పెట్టారు. కొంచెం మెత్తగా రాద్దామా?”

“ఎందుకూ? చదివేది మాక్రోయేగా.”

గురువారం పదింటికి రేవు తెరిచారు. సాయంత్రానికల్లా పన్నెండు వేల రాళ్ళు లేచాయి. మాక్రోలకి చేతులుండవు కాబట్టి ఎక్కడా ఎవరికీ ఏమీ కాలేదు. ఆటగాళ్ళు సంబరపడిపోయి, లారీని వెనక్కి పిలిచి, దాని చోట ఉచితంగా కాఫీ పోసే బండిని పంపారు. నారే రెండు కప్పులు తాగింది.

శుక్రవారం పిల్సున్ ముందు పెట్టె లేచింది. ఆవిడ దాన్ని చూసింది. అది కూడా ఆవిడని చూసింది. పది సెకన్లు గడిచాయి. కుడిచేతి వేళ్ళు చల్లబడి, బూడిదరంగుకి తిరిగి, మౌసు మీద అలాగే బిగుసుకున్నాయి. పక్క సీటువాడిని అడిగితే చదివిపెట్టేవాడే. డెబ్బై ఏళ్ళు అడగని మనిషి ఇప్పుడేం అడుగుతుంది? మర్నాడు సంత. ఎడమచేత్తో గాలం వేసింది. రెండో పెట్టెకి రాయి భుజం దాకా పాకింది. ఎలాగో చెయ్యి పెకలించుకుని ఇంటికి పోయి కట్టు కట్టుకుంది.

ఆదివారం నారే కమలాపళ్ళు పట్టుకుని భోజనానికి వచ్చింది. అమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకోవడం చూసింది.

“మళ్ళీ ఏమైందమ్మా చేతికి?”

“వేడినీళ్ళే.”

“ఎన్నిసార్లు చెప్పాలి నీకు.”

పిల్సున్ చేపలో ముల్లు తీసి, కూతురి గిన్నెలో వేసింది. “అది కాదే. ఆ పెట్టె ఉంది చూడు, మాట అడిగేది. అది తీసెయ్యడం కుదరదా?”

“నీకేం కష్టం, ఒక్క మాటేగా? చదవడం రానివాటికమ్మా అది.” నారే నవ్వేసింది.

“అవునులే,” అంది పిల్సున్. “ఇంకొంచెం అన్నం పెట్టనా?”

చెప్పాల్సింది అప్పుడే. చెప్పలేదు. సోమవారం పొద్దున మూడో పెట్టె లేచింది.

మంగళవారం కంపెనీకి పెట్టుబడిదారులు వచ్చారు. తన్నులు ఎలా ఉంటాయో చూపించమని యొమ్ అడిగితే నారే తన పాత్రని రేవులోకి దింపి, ఎదురుగా ఉన్న రాయిని ఒక్కటి తన్నింది. టప్పుమని మోకాలి దగ్గర పెచ్చు ఊడింది. అందరూ నవ్వారు. ఇంకొకటి తన్నింది. అప్పుడు దాని తల మీద తేలుతున్న పేరు కనపడింది. తక్ నారే.

నవ్వులు ఆగకముందే ఫోను మోగింది. హ్యోన్.

“అమ్మాయిగారూ, పెద్దమ్మగారు సీట్లోంచి లేవడం లేదండీ. నిన్నటి నుంచీ. మీ ఆటలోని రాయే కదా, మాకు జరపడం చేతకావట్లేదు. ఇందాకే మోకాలు రెండుసార్లు పగిలింది. ఎంతని ఊడవను?”

నారే వెళ్ళేసరికి పిల్సున్ మెడ దాకా రాయి. ఎడమచెయ్యీ మొహమూ మిగిలాయి. చుట్టూ నేల మీద రాతిపొడి, పక్కన చీపురు. ఎవరో తిన్న నూడుల్స్ గిన్నె ఆవిడ ఒళ్ళో పెట్టి మర్చిపోయారు.

“అంత చిన్న మాట కొట్టలేకపోయావా అమ్మా?” నారే గొంతులో భయం కన్నా కోపమే ముందొచ్చింది.

“నాకు చదవడం రాదే,” అంది పిల్సున్.

నారేకి కట్లన్నీ గుర్తొచ్చాయి. బడి కాగితాలు, బ్యాంకు, మొన్నటి భోజనం. సిగ్గుతో ఒళ్ళు మండిపోయింది. ఆ సిగ్గు ఎవరి గురించో తనకే తెలియలేదు. అమ్మ ఒళ్ళోని గిన్నె తీసి పక్కన పెట్టింది.

“ఒక్క మాటైనా రాదా?”

“ఒక్కటి వచ్చు. నీ బడి చొక్కాల మీద పేరు కుట్టింది నేనేగా. చూసి చూసి కుట్టాను. మన రాతలో మూడక్షరాలు, విడదీస్తే ఏడు ముక్కలు.”

గడువు పెంచమని నారే యొమ్‌ని బతిమాలింది. “పది సెకన్లని ప్రకటించింది మనమే, రాసింది నువ్వే,” అన్నాడాయన. కాఫీ బండి ఇంకా కిందే ఉంది. మాటల జాబితా మాత్రం నారే చేతిలోనే ఉంది.

బుధవారమంతా నలభై ఒకటో సీటు దగ్గర పరీక్షలు పెట్టింది. రాతిచేతి కింద కీబోర్డు కూడా రాయైంది. మీటలు పిల్సున్ ఎడమచేతికి తప్ప లొంగవు. నారే నొక్కి చూస్తే గోరు విరిగింది. అమ్మ వేలు పట్టుకుని నొక్కించబోతే మీట కదలలేదు. పక్కనుండి చూపిస్తూ వేరే మాట కొట్టిస్తే పదిహేను సెకన్లు పట్టింది. పేరైతే ఏడు మీటలు, ఏడు సెకన్లు. పదిసార్లు కొట్టించింది, పదిసార్లూ ఏడే. ఆ రాత్రి ఆ ఒక్క రాయికి అడగాల్సిన మాట మార్చి నిశ్చింతగా నిద్రపోయింది.

గురువారం పదింటికి రేవు తెరిచారు. పెట్టె లేచింది. అందులో మూడు అక్షరాలు.

పిల్సున్ వాటిని చూసి ఒక్క క్షణం ఆగింది. “తక్ నారే,” అని పైకి చదివింది. తెర మీద ఉన్నదాన్ని చదవడం జీవితంలో అదే మొదటిసారి. “ఇది నాకొచ్చునే.” ఒక్కొక్క మీటా సూది దింపినట్టు నొక్కింది. ఏడు. మూడు సెకన్లు మిగిలాయి.

హ్యోన్ చప్పట్లు కొట్టబోయాడు. నారేకి అప్పుడు గుర్తొచ్చింది, పాత్ర సొంత పేరు కొడితే, ఏ మాట అడిగినా సరే, తప్పు.

పెట్టెలో ఎర్రగా ఒక వాక్యం వచ్చింది.

పిల్సున్ నవ్వుతూ దానివైపు చూసింది. ఎడమచేతి వేళ్ళు బూడిదరంగుకి తిరుగుతున్నాయి, ఆవిడ గమనించలేదు. “ఏమని రాశారే?”

మీరు మనిషి కాదని తేలింది, అని ఉంది.

“సరిపోయిందని రాశారమ్మా,” అంది నారే.

“చూశావా మరి,” అంది పిల్సున్. ఆ నవ్వు పెదవుల మీద ఉండగానే రాయి నోటి దాకా వచ్చి, కళ్ళ మీదుగా పైకి పోయింది.

రేవు తెరిచారు కాబట్టి ఆటగాళ్ళు వచ్చారు. నవ్వుతున్న రాయి ఇదొక్కటేనని కబురు పాకి, కాసేపట్లోనే దాని ముందు పెద్ద వరస కట్టారు. మొదటి తన్నుకి ముక్కు మీద చిన్న పెచ్చు ఊడి నలభై ఒకటో సీటు కింద పడింది. హ్యోన్ వెళ్ళి చీపురు తెచ్చాడు.