వెలుగుకి సాగిన పొర

మా అక్క దర్జీ. కత్తెర ఎంత పదునో నోరూ అంతే. ముక్కు పక్కన పుండు లేచి ఎనిమిది నెలలైంది. క్యాన్సరే కానీ ఇంకా పైపైనే ఉందట. లోపలికి దిగితే ముక్కు కొయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ ఖరాఖండిగా చెప్పింది. మందు రాసి, మూడు గంటలాగి, ఎర్ర లైటు కింద పడుకోబెడతామంది. అక్క వింటేగా!

"లైటు వేస్తే క్యాన్సర్ పోతుందా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నావే?" అని నా మీద విరుచుకుపడింది.

చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. ఆఖరికి ఓ ఆదివారం నేను పనిచేసే ల్యాబుకి లాక్కెళ్లి, మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాను.

"ఈ పళ్లెంలో రెండు గదులున్నాయి, రెండిట్లోనూ క్యాన్సర్ కణాలే. ఈ గదిలో కణాలకి నీ మందే పట్టించాను. రెండో గదిలో వాటికి లేదు. నోరు మూసుకుని చూడు" అని లైటు వేశాను.

మందు వెలుగుని పట్టుకుని పక్కనున్న ఆక్సిజన్‌ని రెచ్చగొడుతుంది. అది కణం చుట్టూ ఉన్న కొవ్వు పొర మీద పడుతుంది. ఈ సంగతి చెబుదామనుకునేలోపే అక్క చెయ్యెత్తి నన్ను ఆపింది.

"అదేంటే, అంచు వదులైపోయింది! సాగిన గుడ్డలా అలలు అలలుగా ఊగుతోంది. ఇక ఆగదు, చిరుగుతుంది చూడు."

పొర చిరిగేముందు సాగుతుందని నా బుర్రకెక్కడానికి రెండేళ్లు పట్టింది. ఈ మహాతల్లి రెండు నిమిషాల్లో తేల్చేసింది! అన్నట్టే చిల్లులు పడి, తేడా కనబడాలని నేను కణాల్లో నింపిన రంగంతా బయటికి కారిపోయింది.

పళ్లెం జరిపి రెండో గది చూపించాను. అదే లైటు, అంతే సేపు. ఒక్క కణమూ చెక్కుచెదరలేదు.

"అమ్మ బాబోయ్" అంది అక్క, గుసగుసగా. "కంటికే ఆనని దాంట్లో ఇంత యుద్ధమా!" తర్వాత మెల్లిగా, "లైటు మొహమంతా కాల్చేస్తుందని భయపడ్డానే ఇన్నాళ్లూ" అంది.

మంగళవారం అక్క కళ్లకి గంతలతో ఎర్ర లైటు కింద పడుకుంది. రెండో నిమిషానికే మంట మొదలైంది. నా చెయ్యి నుజ్జయ్యేలా పట్టుకుంది.

"ఓర్చుకోలేకపోతున్నారా? ఆపమంటారా?" అని నర్సు అడిగింది.

అక్క ఆమెకి జవాబివ్వకుండా నా వైపు తిరిగి, "ఇప్పుడు సాగుతున్నాయా?" అంది.

"సాగుతున్నాయక్కా."

"అయితే ఆపొద్దని చెప్పు. చిరగనీ" అంది.