మడిచిన మూల

పెద్ద చిత్రకారుడు బలార్‌కి తన కళ్ల మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా లేదు. అతను పనిచేసే, ఫ్రాన్స్‌లో లొరేన్ ప్రాంతంలోని కార్ఖానాలో మట్టి పళ్లేలకు తెల్ల పూత పూసి కాల్చి, వాటి మీద చెక్క చారలు గీసి, ఆ చెక్కకు ఎవరో బొమ్మ కాగితం అంటించినట్టు రంగులు వేసేవారు. కాగితం మూల కాస్త మడిచినట్టుండాలి, కింద నీడ పడాలి. మట్టిని మట్టిలా చూడలేని దొరసానులు వాటి కోసం ఎగబడేవారు.

అపోలీన్ పన్నెండేళ్లుగా చెక్క చారలే గీస్తోంది. ఇప్పుడు కాగితం బొమ్మలు వేసే కిటికీ పక్క చోటు ఖాళీ అయింది. అది దక్కకపోతే ఆమెను పూత తొట్ల దగ్గరికి పంపేస్తామన్నారు. ఆ సీసం పూతలో చేతులు ముంచీ ముంచీ వాళ్లమ్మ చివరికి చెంచా కూడా పట్టలేకపోయింది. అందుకే ఆ చోటు కోసం తనకూ ఒక పళ్లెం వేసి చూపే అవకాశమివ్వమని బలార్‌ని అడిగింది.

"ఆడదాని చెయ్యి నా కంటిని మోసం చేస్తుందా?" అని బలార్ మూతి విరిచాడు. "వెయ్యి, వెయ్యి. నీ ముచ్చటా తీరుతుంది."

ఆ చోటు తన మేనల్లుడు ఫిర్మాన్‌కే అని అతను ముందే తీర్మానించుకున్నాడు. ఫిర్మాన్ వేసిన కాగితమేమో ఉడికిన క్యాబేజీ ఆకులా ఉండేది.

మూడు వారాల తర్వాత, శనివారం ఉదయం యజమానురాలు మదాం రూలో గారిని వెంటబెట్టుకుని బలార్ వచ్చాడు. రంగు గట్టిపడేందుకు మళ్లీ ఆవంలో పెట్టి కాల్చబోయే పళ్లేలు బల్ల మీద ఉన్నాయి. ఫిర్మాన్ వేసిన పళ్లేన్ని అతను ఆకాశానికెత్తేశాడు. అపోలీన్ పళ్లెం దగ్గర ఆగి మొహం చిట్లించాడు.

"ఏమే, రంగు వెయ్యమంటే నిజం కాగితం అంటించుకొస్తావా? నన్నేమన్నా వెర్రివెంగళప్పననుకున్నావా?" అంటూ మడిచిన మూల దగ్గర గోరు గుచ్చి లాగాడు.

కాగితం రాలేదు. రంగు వచ్చింది. బొమ్మలోని చర్చి గోపురం సగం చెదిరిపోయింది. మూడు వారాల పని.

బలార్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నాకు ముందే తెలుసు. రంగు నిలుస్తుందో లేదో పరీక్షించాను. నిలవలేదు. అమ్మగారూ, చోటు ఫిర్మాన్‌దే."

"రంగు కాల్చకముందు గోకితే ఎవరి రంగైనా ఊడుతుందయ్యా," అంది అపోలీన్. "ఫిర్మాన్‌ది పరీక్షించలేదేం? దాని మూల లాగబుద్ధి కాలేదా?"

పనివాళ్లలో ఎవరో కిసుక్కుమన్నారు. మదాం రూలో నవ్వలేదు.

"బలార్ గారూ, ఆ చెయ్యి ఇలా చూపించండి."

చూపించక తప్పలేదు. గోటి నిండా రంగు.

"సోమవారం నుంచి కిటికీ దగ్గర నువ్వు కూర్చో, అపోలీన్," అంది ఆవిడ.

"మరి ఈ పాడైన పళ్లెం?" బలార్ గొణిగాడు.

"నేను మళ్లీ వేసుకుంటాలెండి," అంది అపోలీన్. "ఈసారి చెయ్యి దురద పెడితే ఫిర్మాన్‌ది గోకండి. దానికి పోయేదేమీ లేదు."