అత్తగారి కారుకు జ్వరం

అత్తగారి కారు వల్ల అల్లుడికి మూడు నెలలుగా తల కొట్టేసినంత పనవుతోంది. ఊళ్లోవాళ్ల బళ్లన్నీ బాగుచేసే మెకానిక్ అతను. అలాంటివాడికి సొంత అత్తగారి పాత కారు ఒక్కటి లొంగడం లేదు. ఇంతకంటే అప్రదిష్ట ఇంకేం కావాలి చెప్పండి!

జబ్బు ఇదీ. ఆవిడ బయల్దేరి వీధి మలుపు తిరిగేసరికి ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీత దాటుతుంది. ఆవిడ కారాపి, అన్నీ కట్టేసి, దిగి ఫోన్ చేస్తుంది. ఇతను పడుతూ లేస్తూ వెళ్లి నడిపిచూస్తే ముల్లు బుద్ధిగా మధ్యలోనే నిలబడుతుంది. రేడియేటర్ కడిగాడు, థర్మోస్టాట్ మార్చాడు, నీళ్ల పంపు కొత్తది వేశాడు. ఏం చేసినా అంతే. ఆవిడ నడిపితే జ్వరం, ఇతను నడిపితే ఆరోగ్యం.

పైగా ఆవిడేమన్నా మామూలు మనిషా! ముప్పై ఏళ్లు హెడ్ నర్సుగా చేసింది. అందుకే కారుకి కూడా జ్వరం చార్టు రాసి స్టీరింగ్ పక్కన వేలాడదీసింది.

"ఇంజన్ బాగానే ఉంది అత్తయ్యగారూ. ముల్లే తప్పు చూపిస్తోందేమో," అన్నాడు అతను ఓ రోజు నసుగుతూ.

"థర్మామీటర్‌ది తప్పంటావా? మా ఆసుపత్రిలో బద్ధకం డాక్టర్లందరూ ఆ మాటే అనేవాళ్లు. సోమవారం దాకా చూస్తాను అల్లుడూ. ఆ తర్వాత మెయిన్ రోడ్డు మీద ఆ అద్దాల వర్క్‌షాపుకి ఇచ్చేస్తా. వాళ్లు ఇంజన్ మొత్తం మార్చాలంటున్నారు."

సొంత అత్తగారే నమ్మని మెకానిక్ అని నలుగురూ నవ్వుతారు, నిజమే. కానీ అసలు బాధ అది కాదు. పెళ్లయి ఆరేళ్లయినా ఆవిడ నోటివెంట ఒక్కసారీ "బాగా చేశావు" అన్న మాట రాలేదు. ఆ మాట కోసం అతను లోలోపల పడిచస్తున్నాడు.

ఆదివారం పొద్దున్నే వచ్చి, చేసేదేం తోచక, ఆ చార్టు తీసి చదివాడు. ప్రతి వరసలోనూ ఒకటే మాట, గుండ్రటి అక్షరాలతో: "బయల్దేరిన నిమిషానికి ఎర్రగీత." అతను మళ్లీ చదివాడు. నిమిషానికా! పొయ్యి మీద గిన్నెడు నీళ్లు కాగడానికే ఇంకా ఎక్కువసేపు పడుతుంది. చల్లటి ఇంజన్ నిమిషంలో ఎలా మరుగుతుంది?

"అత్తయ్యగారూ, ఇవాళ మీరు నడపండి. నేను పక్కన కూర్చుంటా."

"నువ్వా? పోయినసారి నేను బ్రేకు తొక్కకముందే నువ్వు తొక్కావు, అక్కడ బ్రేకు లేకపోయినా!"

"ఈసారి కాళ్లు ముడుచుకు కూర్చుంటానండీ."

ఆవిడ బెల్టు పెట్టుకుంది, అద్దం సర్దుకుంది, తాళం తిప్పింది. వీధిలో ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆవిడ ముందు లైట్లు వేసింది. ముల్లు లటుక్కున పైకి లేచింది.

"ఎండలో లైట్లెందుకండీ?"

"ఎదుటివాళ్లకి కనపడొద్దూ? కారు నేర్చుకున్న రోజు నుంచీ నేనింతే."

"ఒక్కసారి ఆర్పండి."

ముల్లు పడిపోయింది. మళ్లీ వెయ్యమన్నాడు. లేచింది. ముడుచుకున్న కాళ్ల సంగతి మరిచిపోయి అల్లుడు సీట్లోనే గంతేశాడు.

"దొరికింది అత్తయ్యగారూ! లైట్లు వేస్తే ఈ మీటర్ల పలకలో బల్బులు కూడా వెలుగుతాయి. ఆ బల్బులకీ ముల్లుకీ కలిపి వెనకాల ఒకటే ఎర్త్ వైరు. అది వదులైతే లైట్లు వేసినప్పుడల్లా ముల్లు అబద్ధం చెబుతుంది. ఎవడో చేతకాని వెధవ సరిగ్గా బిగించలేదు!"

తిట్టుకుంటూనే పలక ఊడదీసి, లోపలికి తొంగిచూసి, కొయ్యబారిపోయాడు. వైరు చివర స్క్రూ లేదు. దాని బదులు తుప్పుపట్టి వదులైన తలపిన్ను ఒకటి ఇరికించి ఉంది.

ఆ పిన్ను అతనికి తెలుసు. పెళ్లికి కొద్ది నెలల ముందు ఇదే పలకలో బల్బు మార్చడానికి వచ్చాడు. ఈ ఇంటమ్మాయి మంచినీళ్లు తెచ్చింది. చేతిలో స్క్రూ జారి ఎటో పడింది. అతని అవస్థ చూసి ఆ పిల్ల నవ్వి, జడలోంచి పిన్ను తీసిచ్చింది. "సాయంత్రం వచ్చి స్క్రూ బిగిస్తా" అన్నాడు. సాయంత్రం వచ్చాడు కూడా. ఆ సాయంత్రమేం ఖర్మ, నెలరోజులపాటు రోజూ వచ్చాడు. కారు మాత్రం గుర్తుకు రాలేదు.

"ఏమిటలా బిగుసుకుపోయావు? ఆ చేతకాని వెధవ ఎవడో తెలిసిందా?"

పిన్ను జేబులో వేసుకుంటే సరిపోయేది. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా. కానీ ఎందుకో మనసొప్పలేదు.

"నేనేనండీ," అన్నాడు గుప్పిట విప్పి. సిగ్గుతో చెవులు మండిపోయాయి.

ఆవిడ పిన్ను వైపు చూసింది. తిట్టలేదు. ముందున్న చిన్న అర తెరిచి, మాత్రల అట్టలు పక్కకి నెట్టి, దూది పొట్లం ఒకటి తీసింది. అందులో చిన్న స్క్రూ ఉంది.

"ఆ రాత్రే దొరికింది, సీటు కింద. ఈ రోగానికి ఇదే మూలమని నాకేం తెలుసు?"

"మరి అప్పుడే ఇచ్చెయ్యొచ్చుగా అత్తయ్యగారూ!"

"ఇస్తే బిగించేసి వెళ్లిపోతావేమోనని," అంది ఆవిడ అటు తిరిగి, కిటికీలోంచి వీధిలోకి చూస్తూ. "మళ్లీ రావడానికి నీకో సాకు ఉండొద్దూ?"

అల్లుడు స్క్రూ తీసుకుని పలక వెనక తల దూర్చాడు. కళ్లు చెమర్చి ఏమీ కనపడలేదు. స్క్రూ వేళ్లలోంచి రెండుసార్లు జారింది.

"ఈసారి పడేశావంటే," అంది అత్తగారు, "ఇవ్వడానికి ఇంకో కూతురు లేదు నా దగ్గర."